ఫోన్‌తో వీధి వీడియో – 6వ పాఠం: అడిగి తీయడం

నడుస్తూ తీసేటప్పుడు ఫోన్ వణక్కుండా పట్టుకోవడం గత పాఠంలో నేర్చుకున్నాం. మోచేతులు డొక్కలకు ఆనించి, మోకాళ్ళు కాస్త వంచి నడుస్తూ తీసిన క్లిప్పులు ఇప్పటికి మీ దగ్గర కొన్ని ఉండే ఉంటాయి. వాటిని మళ్ళీ తెరవండి. ఈసారి వణుకు సంగతి వదిలేసి మనుషుల్ని చూడండి. ముఖం గుర్తుపట్టేలా పడినవాళ్ళు ఎంతమంది? వాళ్ళలో మీరు తీస్తున్నారని తెలిసినవాళ్ళు ఎంతమంది? రెండు అంకెలూ ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. పాఠం చివర్లో దానితో పని ఉంది.

ఈ పాఠమంతా నోటితో చేసే పని గురించే. ముక్కూ మొహం తెలియని మనిషిని వీడియో తీయడానికి ఎలా అడగాలి, తీశాక దాన్ని పోస్ట్ చేయడానికి మళ్ళీ ఎలా అడగాలి. రెండోసారి అడగడాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. నా దృష్టిలో అసలు పాఠం అదే.

ముందు చట్టం సంగతి చూద్దాం. రోడ్డు మీద వీడియో తీయడమే నేరమని చెప్పే చట్టం మన దేశంలో లేదు. అందుకే "పబ్లిక్ ప్లేసే కదా, ఎవరినైనా తీసుకోవచ్చు" అనే మాట బాగా చెల్లుబాటవుతోంది. కానీ 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. మనిషి బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన గోప్యత పోదని, అది మనిషినే అంటిపెట్టుకుని ఉంటుందని జస్టిస్ చంద్రచూడ్ ఆ తీర్పులో రాశారు. బస్టాండులో నిలబడ్డ అమ్మాయి బస్సు కోసం వచ్చింది. నలుగురి కంట పడటానికి ఆమె సిద్ధపడి ఉండవచ్చు, నాలుగు లక్షల మంది ఆగి ఆగి, జూమ్ చేసి చూడటానికి మాత్రం సిద్ధపడలేదు.

ఇక నేరాల సంగతి. ఐటీ చట్టం 66ఇ సెక్షన్ ప్రకారం ఒకరి ఒంటి మీది రహస్య భాగాలను వాళ్ళ అనుమతి లేకుండా తీసినా, పంపినా, ప్రచురించినా మూడేళ్ళ వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ మనిషి ఉన్నది బహిరంగ స్థలమా, నాలుగు గోడల మధ్యా అన్నదానితో సంబంధం లేదని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. మెట్రో ఎస్కలేటర్ మీద కింది నుంచి ఫోన్ పెట్టేవాడు "ఇది పబ్లిక్ ప్లేస్" అని తప్పించుకోలేడు. ఈ సెక్షన్ ఆడా మగా అందరికీ వర్తిస్తుంది.

ఐపీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్ ఉంది. స్త్రీని ఆమె ఏకాంతంలో ఉన్నప్పుడు చాటుగా చూడటం, చిత్రించడం, ఆ చిత్రాన్ని పంచడం దీని కిందికి వస్తాయి. మొదటిసారి నేరం రుజువైతే ఏడాది నుంచి మూడేళ్ళు, మళ్ళీ చేస్తే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. మన పాఠానికి ముఖ్యమైంది దాని కింద ఉన్న వివరణ: తీయడానికి ఆమె ఒప్పుకుని, ఇతరులకు చూపించడానికి ఒప్పుకోకపోతే, చూపించడం నేరమే. అంటే రెండు అనుమతులు వేర్వేరని చట్టమే ఒప్పుకుంటోంది. ఆ సెక్షన్ వర్తించేది కొన్ని సందర్భాలకే అయినా, ఆ తేడాను మనం తీసే ప్రతి వీడియోకూ పాటిద్దాం.

బట్టలన్నీ సరిగ్గా ఉన్న మనిషిని, మామూలు పని చేసుకుంటుండగా తీస్తే తప్పేముంది అంటారా? 2025 మేలో బెంగళూరు మెట్రోలో ప్రయాణిస్తున్న ఆడవాళ్ళను వాళ్ళకు తెలియకుండా తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఒక ఖాతా మీద పోలీసులు కేసు పెట్టి, ఒకతన్ని అరెస్టు చేశారు. ఆ ఆడవాళ్ళు చేస్తున్నదల్లా ఆఫీసుకో ఇంటికో వెళ్ళడం. వాళ్ళు నిలబడ్డ తీరును, వేసుకున్న బట్టలను వేలమంది ముందు వేడుకగా పెట్టడమే అక్కడ జరిగిన హాని.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం.

అడిగేటప్పుడు ఫోన్ జేబులో ఉండాలి, లేదా లెన్స్ నేలవైపు తిప్పి చేతిలో ఉండాలి. రికార్డింగ్ ఆన్ చేసుకుని వెళ్ళి "తీసుకోవచ్చా అండీ" అనడం అడగడం కింద లెక్కకు రాదు, అప్పటికే తీసేస్తున్నారు కాబట్టి. వెనక నుంచి వెళ్ళకండి, ఎదురుగా, కనపడేలా వెళ్ళండి. చలువ కళ్ళద్దాలుంటే తీసేయండి. బోణీ వేళ, రద్దీ వేళ ఎవరినీ కదిలించకండి. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక జనం తీరిగ్గా మాట్లాడతారు. ముందే ఏదో కొని, ఆ మొహమాటంలో పెట్టి అడగడం నాకు నచ్చదు. కొనాలనుంటే వాళ్ళు ఔనో కాదో చెప్పేశాక కొనండి.

మాట ఎలా నడుస్తుందో ఒకటి చూపిస్తాను. హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో ఒక పెద్దావిడ గోనె పట్టా మీద కూర్చుని మల్లెపూలు కడుతోంది. నేర్చుకుంటున్న కుర్రాడు ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, నేను వీడియోలు తీసుడు నేర్చుకుంటున్న. మీరు మాల కట్టేది మస్తుంది. జరసేపు తీస్కోనా?"

"ఎందుకు బిడ్డా? తీసి ఏడ పెడ్తవ్?"

"ఇప్పుడైతే నా ఫోన్లనే ఉంటదమ్మా. తీసినంక మీకు చూపిస్త. ఫేస్‌బుక్‌ల పెట్టాల్నంటే మళ్ల మిమ్మల్నే అడుగుత."

"చేతులు తీస్కో. మొఖం వద్దు. మా అల్లునోళ్లు చూస్తె మంచిగుండది."

ఆమె నోట వచ్చిన మొదటి మాటల్లోనే ఎక్కడ పెడతావన్న ప్రశ్న ఉంది. ఎవరూ నేర్పకుండానే రెండో అనుమతి గురించి అడిగింది. తర్వాత కొంత ఇస్తాను, కొంత ఇవ్వను అని గీత గీసింది. అడక్కపోయి ఉంటే ఆ గీత ఎక్కడుందో కుర్రాడికి తెలిసేదే కాదు. అల్లుడి ఇంట్లో తన గురించి ఏమనుకుంటారోనన్న బెంగ దూరం నుంచి జూమ్ చేసి తీసేవాడికి ఎన్నటికీ కనపడదు.

అతను చేతులే తీశాడు. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు మొగ్గలు అటు, రెండు మొగ్గలు ఇటు పెట్టి, కుడిచేత్తో దారం ఒక చుట్టు తిప్పి, మెలికలోంచి లాగి బిగించడం, మళ్ళీ నాలుగు మొగ్గలు. మధ్యమధ్యలో పూలమీద నీళ్ళు చిలకరించడం. మోచేతి దాకా కొలిచి మూర తెంపడం. ఆ క్లిప్పులో ముఖం లేని లోటు నాకు కనపడలేదు.

"అడిగితే సహజంగా రాదు సార్, బిగుసుకుపోతారు" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరంటారు. నిజమే, మొదట బిగుసుకుంటారు. కొంగు సర్దుకుంటారు, జుట్టు దువ్వుకుంటారు, కెమెరా వైపు చూసి నవ్వుతారు. ఆ కాసేపూ తీయండి, వాళ్ళకు అదొక సరదా. తర్వాత అక్కడే కూర్చోండి. పది పదిహేను నిమిషాల్లో బేరం వస్తుంది, చిల్లర వెతుక్కుంటారు, పక్క కొట్టువాడితో తగాదా పడతారు. మీరున్న సంగతి మర్చిపోతారు. మీకు కావాల్సిన సహజత్వం అప్పుడు వస్తుంది. దొంగచాటుగా తీయడం ఈ ఓపిక లేనివాళ్ళు ఎంచుకునే అడ్డదారి తప్ప కళ కాదని నా గట్టి నమ్మకం.

ఇక వద్దు అన్న మాటను గుర్తుపట్టడం. మనవాళ్ళు ముఖం మీద వద్దనరు. "తర్వాత చూద్దాంలే", "అబ్బే, నన్నెందుకు బాబూ", "ఆయన్ని అడిగి చెప్తా". నవ్వుతూనే ముఖం పక్కకు తిప్పుకోవడం. ఇవన్నీ వద్దు అనడమే. రెండోసారి బతిమాలకండి. "సరేనమ్మా, ఏం పర్లేదు" అని నవ్వి లేచి రండి.

ఇష్టం లేకుండా ఒప్పుకునే సందర్భాలు ఇంకా జటిలం. టిఫిన్ సెంటర్ ఓనర్ "తీసుకోండి సార్, మా మాస్టర్ దోసె సూపర్ వేస్తాడు" అంటాడు. పెనం దగ్గర చెమటోడుస్తున్న ఆ మాస్టర్‌ను ఎవరూ అడగలేదు. ఓనర్ పక్కనుండగా అడిగితే అతను కాదనలేడు. ఓనర్ గల్లా దగ్గరికి వెళ్ళాక, "అన్నా, నీకు ఇష్టం లేకపోతే చెప్పు, పెనం, దోసె వరకే తీసుకుంటా" అని దారి చూపించి అడగండి. సెక్యూరిటీ గార్డులు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, ఆసుపత్రి వరండాలో పడుకున్న రోగులు, అందరి విషయంలోనూ ఇదే పద్ధతి. కాదనే వీలు లేనివాడి ఔనుకు విలువ లేదు.

కొందరిని అసలు అడిగే పనే లేదు, తీయకూడదు. ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్నవాళ్ళు, తాగి పడిపోయినవాళ్ళు, ప్రమాదంలో దెబ్బలు తగిలినవాళ్ళు జవాబు చెప్పే స్థితిలో ఉండరు. పిల్లలు ఎంత ఉత్సాహంగా కెమెరా ముందుకొచ్చినా తల్లో తండ్రో ఒప్పుకోవాలి, వాళ్ళు దగ్గర లేకపోతే కెమెరా దించేయండి. ట్యాంక్‌బండ్ మీదో ఆర్కే బీచ్‌లోనో కూర్చున్న జంటల విషయంలో మరీ జాగ్రత్త. మీకది సూర్యాస్తమయం షాట్ వెనకాల రెండు ఆకారాలు. ఆ అమ్మాయి ఇంట్లో ఎవరైనా గుర్తుపడితే ఆమె చదువు ఆగిపోవచ్చు, ఒంటిమీద దెబ్బలు పడవచ్చు, కులం వేరైతే ప్రాణం మీదకే రావచ్చు. వెనకాల జంట ఉందని తెలిస్తే మీరే జరిగి కూర్చోండి. షాట్ పోతే పోనివ్వండి.

రెండోసారి అడగడం దగ్గరికి వద్దాం. తీసిన క్లిప్పును అక్కడికక్కడే వాళ్ళకు చూపించండి. ఫోన్ వాళ్ళ చేతికే ఇవ్వండి, ఎండ పడకుండా మీ చెయ్యి అడ్డం పెట్టండి. చూశాక మూడు సంగతులు చెప్పండి: ఎక్కడ పెడతారు, ఎవరెవరు చూడవచ్చు, దానివల్ల మీకు డబ్బు వస్తుందా. "యూట్యూబ్‌లో పెడితే మీ ఊరివాళ్ళు కూడా చూస్తారు బాబాయ్, పర్లేదా?" అని సూటిగా అడగండి. మీ పేరు, నంబరు చీటీ మీద రాసివ్వండి, ఎప్పుడు తీసేయమన్నా తీసేస్తానని చెప్పండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా అనుమతి ఇచ్చినంత తేలిగ్గా దాన్ని వెనక్కి తీసుకోగలగాలని అంటుంది. ఫోన్ చేసి తీసేయమంటే కారణం అడక్కండి. అప్పటికే వేరేవాళ్ళు డౌన్‌లోడ్ చేసుకుని ఉంటే మీరేమీ చేయలేరు. ఆ సంగతి కూడా ముందే చెప్పడం న్యాయం.

జాతర, సంత, బోనాల ఊరేగింపు లాంటి చోట్ల ఒక్కొక్కరినీ అడగడం కుదరదు. అక్కడ ఎత్తు నుంచి, దూరంగా, ఏ ఒక్క ముఖం మీదా నిలవకుండా తీయండి. చేతులు, కాళ్ళు, వీపులు, నీడలు చాలా చెప్తాయి. తప్పనిసరిగా పడిన ముఖాలను ఎడిటింగ్‌లో చెరపండి. యూట్యూబ్ స్టూడియోలో ముఖాలు మసకచేసే సదుపాయం ఉంది. బండి నంబరు ప్లేట్లు, ఇంటి నంబర్లు, వెనకాల ఎవరో ఫోన్లో పైకి చెప్తున్న అడ్రసు, ఇవీ మనిషిని పట్టిస్తాయి. కాబట్టి సౌండ్ కూడా ఒకసారి విని చూసుకోండి.

కెమెరా కళ్ళద్దాల గురించి కొందరు అడిగారు. రే-బాన్ మెటా లాంటివాటికి రికార్డు అవుతున్నప్పుడు చిన్న లైటు వెలుగుతుంది. పట్టపగలు ఎండలో అది ఎదుటివాళ్ళ కంట పడటం కష్టం, పడినా అదేమిటో చాలామందికి తెలియదు. కాబట్టి లైటు వెలిగింది కదా అని అడగకుండా ఉండకండి. జపాన్, దక్షిణ కొరియాల్లో అమ్మే ఫోన్లకు ఫొటో తీస్తే చప్పుడు వచ్చే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. అయినా 2018లో సియోల్‌లో రహస్య కెమెరాలకు వ్యతిరేకంగా వేలాది ఆడవాళ్ళు రోడ్డెక్కాల్సి వచ్చింది. దొంగచాటు చిత్రీకరణకు జపాన్ 2023లో విడిగా చట్టమే తేవాల్సి వచ్చింది.

మిమ్మల్నే ఎవరో చాటుగా తీస్తే ఏం చేయాలన్నది 7వ పాఠం. అంతవరకు ఆగలేని పరిస్థితిలో ఉన్నవాళ్ళు ఈ నాలుగు ముక్కలు గుర్తుంచుకోండి. వీడియో కనపడగానే కోపంతో రిపోర్ట్ కొట్టేసి ఊరుకోకండి. ముందు లింకు, ఖాతా పేరు, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచండి, తర్వాతే రిపోర్ట్ చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు, ఆడవాళ్ళకూ పిల్లలకూ సంబంధించిన కొన్ని రకాల ఫిర్యాదులైతే పేరు చెప్పకుండా కూడా పెట్టవచ్చు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయవచ్చు, వెంటపడుతుంటే అత్యవసర నంబరు 112కి చేయండి. తప్పు మీది కాదు, ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి.

ఈ వారం అభ్యాసం. మీకు అలవాటైన వీధిలోనే, చేత్తో పని చేసుకునే ముగ్గుర్ని అడగండి: చెప్పులు కుట్టేవాళ్ళు, ఇస్త్రీ బండివాళ్ళు, చెరుకు రసం తీసేవాళ్ళు, ఎవరైనా సరే. కనీసం ఒకరు వద్దనేదాకా అడుగుతూనే ఉండండి, ఎందుకంటే వద్దన్నాక మర్యాదగా లేచి రావడమూ అలవాటు చేసుకోవాల్సిందే. ఒప్పుకున్నవాళ్ళకు క్లిప్పు చూపించి రెండోసారి అడగండి. తీయమని, పెట్టొద్దన్నవాళ్ళ క్లిప్పులు ఫోన్లో వేరే ఫోల్డర్‌లో ఉంచండి, ఎవరికీ పంపకండి, నాకు కూడా. చివరగా మొదట్లో రాసుకున్న కాగితం తీయండి. తెలియకుండా పడినవాళ్ళున్న పాత క్లిప్పుల్లో ఏవైనా ఇప్పటికే ఆన్‌లైన్‌లో ఉంటే ముఖాలు మసకచేసి మళ్ళీ ఎక్కించండి. అది కుదరనివి ఈ రోజే తీసేయండి.