సిల్క్ బోర్డు దాటేలోపు

నాకు అల్సరేటివ్ కొలైటిస్ అని తేలి ఆరేళ్లు. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, రక్తంతో విరేచనాలు అవుతాయి. నెలల తరబడి జాడ ఉండదు, ఏదో ఒక మంగళవారం చెప్పాపెట్టకుండా దిగుతుంది. ఏ మందు వాడాలో మీ గ్యాస్ట్రో డాక్టరు చెప్తారు. ఈ కడుపుతో బెంగళూరులో ఉద్యోగం ఎలా నెట్టుకురావాలో నేను చెప్తాను.

ముందు పొద్దుటి సంగతి. తినగానే పేగు కదలడం అందరికీ ఉన్నదే, మన పేగు వాచి ఉంటే అది ఆగమన్నా ఆగదు. అందుకే ఇంట్లో కాఫీ మానేశాను. ఐదున్నరకు లేచి గోరువెచ్చని నీళ్లు తాగుతాను. టాయిలెట్‌కు రెండు మూడు ట్రిప్పులు అయ్యాక ఎనిమిదింటికి ఖాళీ కడుపుతో బయల్దేరతాను. ఇడ్లీ, కాఫీ ఆఫీసుకు చేరాకే.

ఇక ప్రయాణం. ఒకప్పుడు మారతహళ్లి నుంచి క్యాబ్‌లో, ట్రాఫిక్‌కు పేరుపడ్డ సిల్క్ బోర్డు కూడలి దాటి వెళ్లేవాణ్ణి. ఒక వానరోజు అగర దగ్గర నలభై నిమిషాలు బండి కదల్లేదు. మిగతాది రాయను, ఆ ప్యాంటు పారేశాను. 2023 అక్టోబరులో మెట్రో పర్పుల్ లైన్ పూర్తిగా తెరిచాక కుందలహళ్లి స్టేషన్ దగ్గరికి ఇల్లు మార్చి, ఎం.జి. రోడ్డు ఆఫీసుకు బదిలీ అడిగాను. అద్దె నాలుగు వేలు ఎక్కువైంది. మెట్రో రైల్లో టాయిలెట్ ఉండదు గానీ, కాసేపటికో స్టేషన్ వస్తుంది, దిగిపోవచ్చు. ఒక ఆదివారం పనిగట్టుకుని ప్రతి స్టేషన్‌లో దిగి, టాయిలెట్ ఏ వైపుందో చూసుకున్నాను. మీరూ మీ దారిలో ఈ పని చేయండి. సగం టెన్షన్ అక్కడే పోతుంది. టెన్షన్ తగ్గితే ట్రిప్పులూ తగ్గుతాయి, నా అనుభవం ఇది.

బ్యాగులో నల్ల ప్యాంటు, లోదుస్తులు, రెండు ప్లాస్టిక్ కవర్లు, లీటరు నీళ్ల సీసా. సీసా ఎందుకంటారా? జెట్ స్ప్రే పనిచేయని టాయిలెట్లు ఎన్నో చూశాను. హోటల్లో అడగడానికి ఒక కన్నడ ముక్క చాలు: 'అణ్ణా, స్వల్ప అర్జెంట్ ఇదె.' ఇంతవరకు ఎవరూ కాదనలేదు.

బాగుందని మందు ఆపకండి. పేగు వాపు తగ్గించే మెసలమైన్ ఎనిమిది నెలలు వేసుకుని, రక్తం కనబడట్లేదని నా అంతట నేనే మానేశాను. రెండో నెలకల్లా రాత్రి మూడింటికి లేచి పరిగెత్తడం మొదలైంది, ఆపైన స్టెరాయిడ్. అది కూడా డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలే తప్ప ఒక్కసారిగా ఆపకూడదు. నడుం నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు డాక్టర్ని అడక్కుండా మింగొద్దు, జబ్బు తిరగబెట్టొచ్చు.

తిండి మీద నేను పెద్దగా చెప్పను, ఎవరి కడుపు వాళ్లది. అమ్మ నంద్యాల నుంచి వచ్చినప్పుడల్లా 'వేడి చేసిందిరా' అని మెంతి మజ్జిగ పెడుతుంది. తాగుతాను. జబ్బు ముదిరినప్పుడు మాత్రం మెత్తటి అన్నం, చప్పిడి పప్పు. ఆవకాయ జాడీని ఫ్రిజ్ మీద అందనంత ఎత్తులో పెడతాను.

పావలా పనిలా అనిపించినా చేయాల్సింది రాసిపెట్టుకోవడం. చిన్న నోట్‌బుక్‌లో రోజుకో లైను: ఎన్నిసార్లు, రక్తం ఉందా, రాత్రి నిద్రలో లేపిందా. మా డాక్టరు ముందు ఆ రాత్రి గడినే చూస్తారు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష ఉంది, పేగులో వాపు ఎంతుందో దాన్నిబట్టి అంచనా వేస్తారు, ప్రతిసారీ కొలనోస్కోపీ (పేగులోకి కెమెరా గొట్టం పంపి చూడటం) అక్కర్లేకుండా. నాది 1,240 నుంచి 180కి వచ్చింది. ఆ కాగితం లామినేషన్ చేయించాలనిపించింది.

మందులతో దీన్ని శాశ్వతంగా పోగొట్టడం ఇంకా కుదరట్లేదు, అణచి ఉంచడమే. కానీ దారులు పెరుగుతున్నాయి. 2018లో అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి వచ్చిన టోఫాసిటినిబ్ అనే మాత్ర ఇక్కడ జనరిక్‌గానూ దొరుకుతోంది. అలాంటివి మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష చేయిస్తారు, విసుక్కోకండి.

వచ్చే నెల అమ్మతో తిరుమల. క్యూ కాంప్లెక్స్‌లో టాయిలెట్లున్నాయి, దాని గురించి భయం లేదు. ఘాట్ రోడ్డు బస్సే, సుమారు ముప్పావు గంట. నోట్‌బుక్‌లో ఆ తేదీని పెన్సిల్‌తో రాశాను. అమ్మ చూసి, పక్కనే పెన్నుతో దిద్దింది.