స్నానాలగది తలుపు ఎటు తెరుచుకుంటుంది?

కావలిలో అమ్మానాన్న ఇద్దరే ఉంటారు. ఈసారి వెళ్ళగానే స్నానాలగది తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించాను. లోపలికి తెరుచుకునే తలుపైతే, పెద్దవాళ్ళు జారి దానికి అడ్డంగా పడినప్పుడు బయటి నుంచి తోయలేము. లోపలి గడియ తీసేసి, అవసరమైతే బయటి నుంచి నాణెంతో తిప్పి తెరవగలిగే తాళం పెట్టించాను. అమ్మ మొదట ఒప్పుకోలేదు; తాళం పనితీరు చూపించాక సరేనంది.

పట్టుకోవడానికి గోడలోకి గట్టిగా బిగించిన స్టీలు కడ్డీ ఉండాలి. కొళాయిలు, తువ్వాలు కడ్డీలు మనిషి బరువుకు ఆగవు.

నవంబరు, డిసెంబరు వానలకు మన నెల్లూరు వైపు కరెంటు పోతూ ఉంటుంది కదా, మంచం నుంచి స్నానాలగదికి వెళ్ళే దారిలో కరెంటు పోయినా వెలిగే ఛార్జింగ్ బల్బు పెట్టండి. అంబులెన్సుకు 108, వృద్ధుల సహాయానికి 14567 అని గోడమీద పెద్ద అంకెలతో రాసిపెట్టండి.