ఆఫీసు ఇంటర్నెట్‌కు ఎస్‌ఎల్‌ఏ ఎలా రాయించుకోవాలి?

లీజ్డ్ లైన్ (ఆఫీసు ఒక్కదానికే కేటాయించే ఇంటర్నెట్ లైను) తీసుకునేటప్పుడు నెల అద్దె కోసం వారం రోజులు బేరమాడతారు. సర్వీస్ లెవెల్ అగ్రిమెంట్‌ (ఎస్‌ఎల్‌ఏ, అంటే సేవ ఎలా ఉండాలో ఇంటర్నెట్ కంపెనీ రాసిచ్చే ఒప్పందం) మీద మాత్రం చదవకుండానే సంతకం పెట్టేస్తారు. లైను పడిపోయిన రోజు ఆ కాగితం ఎక్కడుందా అని వెతుకుతారు. ఎన్ని ఆఫీసుల్లో చూశానో!

కావలసినవి: ఒప్పందం డ్రాఫ్టు (వర్డ్ ఫైలే అడగండి, పీడీఎఫ్ ఇస్తే దిద్దలేరు), క్యాలిక్యులేటర్, రోజంతా ఆన్‌లో ఉండే పాత కంప్యూటర్ ఒకటి.

1. లైను ఎంతసేపు పనిచేస్తుందో కంపెనీ శాతంలో రాస్తుంది, దాన్ని నిమిషాల్లోకి మార్చండి. 30 రోజుల నెలలో 99.9 శాతం అంటే 43 నిమిషాలు లైను పోవచ్చు. 99.5 అంటే 3 గంటల 36 నిమిషాలు. 99 అయితే 7 గంటల 12 నిమిషాలు. లెక్క నెలనెలా కట్టాలి. ఏడాదికి కడితే 99.9లో కూడా ఎనిమిదిన్నర గంటలు దాటి పోవచ్చు. అదంతా ఒక్క పనిదినంలోనే పోయినా వాళ్లు మాట తప్పనట్టే.

2. లేటెన్సీ (డేటా చేరడంలో ఆలస్యం), ప్యాకెట్ లాస్ (దారిలో రాలిపోయే డేటా ముక్కల శాతం), జిట్టర్ (ఆ ఆలస్యంలో హెచ్చుతగ్గులు) మూడింటికీ అంకెలు రాయించండి. ఫోన్ మాటలకు ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే చాలు. ప్యాకెట్ లాస్ అర శాతం దాటకూడదు, అంతే.

3. ‘డౌన్‌టైమ్’ అంటే ఏమిటో రాయించండి. అందరూ బోల్తా పడేది ఇక్కడే, నిదానంగా చదవండి.

ఒకసారి మా లైను ఉదయం 9:30కి పోయింది. కస్టమర్ కేర్ వాళ్లు టికెట్ ఇచ్చేసరికి 11:10. లైను వచ్చింది ఒంటి గంటకు. మధ్యలో టెక్నీషియన్ వస్తే వాచ్‌మన్ దగ్గర మేడ తాళం లేదు. ఆ 70 నిమిషాలూ ‘కస్టమర్ వల్ల ఆలస్యం’ అని తీసేశారు. మూడున్నర గంటలు పోతే రిపోర్టులో మిగిలింది 40 నిమిషాలు. 99.9 చెక్కుచెదరలేదు, మాకు పైసా రాలేదు.

అందుకే గడియారం టికెట్‌తో కాదు, లైను పోయిన నిమిషంతో మొదలవ్వాలి. కొలత వాళ్ల ఎక్స్ఛేంజి దాకా కాదు, మీ రూటర్ దాకా ఉండాలి. తెగేది ఎక్కువగా ఆ మధ్య తీగే కదా! లైను ఉన్నట్టే ఉండి ప్యాకెట్లు సగం రాలిపోతుంటే అదీ డౌన్‌టైమే అని రాయించండి.

మినహాయింపుల జాబితాను పెన్ను పట్టుకుని చదవండి. ‘మూడో వ్యక్తి తవ్వకాల వల్ల ఫైబర్ తెగితే వర్తించదు’ అని ఉంటే కొట్టేయించండి. మన రోడ్లకు ఆ ఒక్క వాక్యం ఉంటే చాలు, మిగతా ఒప్పందం ఉన్నా లేనట్టే. మెయింటెనెన్స్‌కు 48 గంటల ముందే చెప్పాలి, పని అర్ధరాత్రి దాటాకే చేయాలి.

4. పరిహారం మనం అడిగితే ఇచ్చేది కాదు, తర్వాతి బిల్లులో దానంతటదే తగ్గాలి. కంపెనీ వరుసగా మూడు నెలలు మాట తప్పితే జరిమానా లేకుండా బయటపడే హక్కూ ఉండాలి. నాకు డబ్బుకన్నా ఇదే ముఖ్యం.

5. పాత కంప్యూటర్లో స్మోక్‌పింగ్ (లైను ఆలస్యాన్ని, ప్యాకెట్ లాస్‌ను నమోదు చేసే ప్రోగ్రామ్) పెట్టి వాళ్ల గేట్‌వేనూ (మన లైను వాళ్ల నెట్‌వర్క్‌లో కలిసే చోటు), బయటి చిరునామా ఒకదాన్నీ నిమిషానికోసారి పింగ్ చేయించండి, అంటే చిన్న సందేశం పంపి జవాబు వస్తోందో లేదో చూడటం. ఆ లాగ్‌ను సాక్ష్యంగా ఒప్పుకుంటామని ఒప్పందంలోనే ఉండాలి. స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్లు పంపేవాళ్లను చూస్తే నాకు చిరాకు. ‘మీ వైఫై బాగాలేదు సార్’ అని కంపెనీవాళ్లు అంటే ఏం చెబుతారు?

ఇక సంతకం అయిన రోజే మేడ తాళానికి డూప్లికేట్ చేయించి వాచ్‌మన్‌కు ఇచ్చేయండి.