వారంలో ముందు పేకాట రోజు ఖాయం చేయండి

స్నేహితులతో వారమంతా సందడిగా గడపాలనుకునేవాళ్లు మామూలుగా పుట్టినరోజు భోజనంతో లెక్క మొదలుపెడతారు. నేనైతే ముందు పేకాట రోజు ఖాయం చేసుకోమంటాను. భోజనానికి ఏడుగురం వస్తామని ఐదుగురే వచ్చినా అది భోజనమే. నాటకానికి ఒకరు తగ్గితే ఒక కుర్చీ ఖాళీ, అంతే. మేం ఆడే పేకాట బ్రిడ్జి, దానికి మాత్రం నలుగురంటే నలుగురే ఉండాలి. ఒకరి మనవడికి జ్వరం వస్తే మిగతా ముగ్గురూ రమ్మీ వేసుకుని ఉసూరుమనాల్సిందే. అందుకే హైదరాబాద్‌లో మా చిక్కడపల్లి జట్టులో ఐదో మనిషిని ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతాం. ప్రస్తుతం ఆ పదవి కింద వాటా పిన్నిగారిది. ఆవిడకి ఆట పూర్తిగా రాదు, అయినా ధైర్యం మెండు.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి పెట్టుకోండి. సోమవారం బ్యాంకులు, పరీక్షల రిపోర్టులు, పనిమనిషి సంజాయిషీలు ఉంటాయి. శుక్రవారం పూజలు. మూడు నుంచి ఐదున్నర దాకా ఆడి లేవాలి, ఎందుకంటే మా లెక్కల టీచరమ్మ ఆరింటికల్లా ఇంట్లో దీపం పెట్టుకోవాలి. ఈ హద్దు మంచిదే. లేకపోతే "ఇంకొక్క చెయ్యి" అంటూ ఎనిమిదవుతుంది, ఇళ్లలో మొహాలు మాడతాయి.

ఆట రానివాళ్లు భయపడక్కర్లేదు. తురుపంటే, అదే మిగతా రంగుల్ని కొట్టే రంగు, తెలిసినవాళ్లకు బ్రిడ్జి సగం వచ్చినట్టే. 52 ముక్కలు నలుగురికీ 13 చొప్పున పంచుతారు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. చేతిలో బలం ఎంతో లెక్క చూసుకోవాలి: ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1, పేక మొత్తానికి 40. మీ చేతిలో 12, 13 దాకా ఉంటే పాట మొదలుపెట్టొచ్చు. ఇది అచ్చం వేలంపాటే, ముందువాళ్ల మీద పెంచుకుంటూ పోవాలి. కళావరు అన్నిటికన్నా కింద, దానిపైన డైమను, ఆఠీను, ఇస్పేటు, అన్నిటి నెత్తినా తురుపు లేని నో ట్రంప్. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే ఒక ట్రిక్కు. "మూడు ఇస్పేట్లు" అని పాడితే, ఎప్పుడూ ఉండే ఆరుకు మూడు కలిపి, ఇస్పేటు తురుపుగా తొమ్మిది ట్రిక్కులు గెలుస్తానని ఒప్పుకున్నట్టు. గెలవకపోతే ఎదుటివాళ్లకు పాయింట్లు.

అసలు మజా పాట అయ్యాక మొదలవుతుంది. అవతలివాళ్లు మొదటి ముక్క వేయగానే, పాట దక్కించుకున్నావిడ జోడీ తన 13 ముక్కలూ బల్లమీద రంగుల వారీగా పరిచేస్తుంది. ఆ చెయ్యి అయ్యేదాకా ఆవిడకి పని లేదు. ఆవిడని డమ్మీ అంటారు. మా ఇంట్లో రూలేమిటంటే డమ్మీ అయినవాళ్లు లేచి కాఫీ కలపాలి. మా డాక్టరమ్మ కలిపే కాఫీ అమోఘం. ఆవిడకి జోడీగా కూర్చున్నవాళ్లు చేతిలో ఏమీ లేకపోయినా పెద్ద పెద్ద పాటలు పాడటం వెనక కారణం అదేనని నా అనుమానం.

మూడు జాగ్రత్తలు. మొగుడూపెళ్లాలను ఒకే జట్టులో వేయకండి, బల్లమీద మొదలైన తగువు వంటింటి దాకా వెళుతుంది. ఆడిన ముక్క గురించి వ్యాఖ్యానం ఆ చెయ్యి అయ్యాకే. డబ్బు పెట్టొద్దు, పాయింట్లు ఒక పాత డైరీలో రాసుకుంటే చాలు. "ఈ వయసులో పేకాటేమిటి?" అని ఇంట్లో ఎవరైనా మొహం చిట్లిస్తే 2018 జకార్తా ఏషియన్ గేమ్స్ సంగతి చెప్పండి. అక్కడ బ్రిడ్జిలో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ జోడీ మన దేశానికి బంగారు పతకం తెచ్చింది. బర్ధన్ గారి వయసు అప్పటికి 60.

ఇక పుట్టినరోజు. మా తరానికి పుట్టినరోజులు కనీసం మూడు: ఇంట్లో అమ్మ చెప్పిన తిథి, అసలు తేదీ, బళ్లో వేసేటప్పుడు మేస్టారు తోచినట్టు రాసేసిన తేదీ. ఆ మూడోదాన్ని పట్టుకుని ఫేస్‌బుక్ శుభాకాంక్షలు చెబుతుంది. ఏది జరుపుకుంటారో ముందే అడిగి, క్యాలెండరులో ఆ రోజు ఏకాదశి పడిందేమో చూడండి. పడితే మర్నాటికి జరపండి. కార్తీకంలో అయితే ఉల్లి, వెల్లుల్లి సంగతి కూడా కనుక్కోవాలి.

భోజనం పన్నెండున్నరకల్లా వడ్డించాలి. మాలో ఇద్దరికి షుగరు, ఇన్సులిన్ తీసుకున్నవాళ్లని రెండింటిదాకా కూర్చోబెట్టకూడదు. హోటలుకైతే వారం మధ్యలోనే వెళ్లండి, ఆదివారం మీల్స్ కోసం నిలబడే వరస మోకాళ్లకి మంచిది కాదు. బిల్లు దగ్గర "నేనిస్తానంటే నేనిస్తాను" అని చేతులు పట్టుకుని లాక్కునే తంతు మాకు లేదు. ఒకరు కట్టేస్తారు, మిగతావాళ్లు సాయంత్రంలోగా ఫోన్‌లో పంపేస్తారు, పుట్టినరోజు మనిషికి మినహాయింపు.

ఇంట్లోనే అయితే తలా ఒకటి తేవాలి. పులిహోర నాది. అన్నం పొడిపొడిగా వార్చి, వెడల్పాటి పళ్లెంలో పరిచి, వేడిమీదే పసుపూ, పచ్చి నూనే, కరివేపాకూ వేసి ఆరనిస్తాను. చింతపండు పులుసు పచ్చిమిరపకాయలతో ఉడికి, గరిట వెనక అంటుకునేంత చిక్కబడి, అంచుల్లో నూనె తేలాలి. అప్పుడు కలిపి పోపు పెట్టి రెండు మూడు గంటలు వదిలేస్తే పులుపు అన్నంలోకి ఇంకుతుంది. అందుకే పొద్దున్న తొమ్మిదికల్లా చేసేయాలి. గారెలు మాత్రం ఎవరింట్లో భోజనమో వాళ్లే వేయాలి, ఆటోలో వచ్చిన గారె గారె కాదు. కేకు ఎవరూ తినరు, ఫొటోకి చిన్నది చాలు. కానుకగా జాకెట్టు ముక్క ఇవ్వకండి, తిరిగి తిరిగి అది మీ పుట్టినరోజుకే వస్తుంది.

నాటకం శనివారం. రవీంద్రభారతి ఠాగూర్ శతజయంతి ఏడాది 1961 నుంచి ఉంది. మా చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో మారితే అసెంబ్లీలోనో లకడీకాపూల్‌లోనో దిగి నడిచి వెళ్లొచ్చు. మా వీధివాళ్లకైతే త్యాగరాయ గానసభ ఇంకా దగ్గర. ఎక్కడికెళ్లినా నిర్వాహకులని "కార్యక్రమం ఎన్నింటికి?" అని కాదు, "తెర ఎన్నింటికి లేస్తుంది?" అని అడగండి. కార్డులో ఆరు అని ఉంటుంది. ఆరింటికి జ్యోతి ప్రజ్వలన, తర్వాత ఉపన్యాసాలు, శాలువాలు, జ్ఞాపికలు. నాకు ఉపన్యాసాలంటే చిరాకే గానీ, ఆ సమయంలో నింపాదిగా వెళ్లి అంచు కుర్చీలు వెతుక్కోవచ్చు. కాళ్లు చాపుకోవాలన్నా, మధ్యలో లేవాలన్నా అంచు కుర్చీయే. లోపల చలి, ఒక శాలువా మనమూ తీసుకెళ్లాలి.

ఎక్కువసేపు కూర్చోలేనివాళ్లు గంటలో అయిపోయే నాటికలు ఎంచుకోండి. మనవలు వెంట ఉంటే సురభి నాటకం ఎప్పుడు పడుతుందో కనిపెట్టుకుని ఉండండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబాలవాళ్లు ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వెళ్లేలా చేస్తారు. ముందు వరసలో కూర్చుంటే తాళ్లూ తీగలూ కనిపిస్తాయి, మధ్య వరసలో కూర్చుంటే మాయే కనిపిస్తుంది. మా మనవడు మాత్రం ముందు వరసే కావాలంటాడు, తాళ్లు చూడటానికే.

తిరుగు ప్రయాణంలో ఒక్కరే క్యాబ్ ఎక్కొద్దు, ఒకే దారివాళ్లు జతపడండి. ఆ రాత్రి వంట పెట్టుకోకుండా సాయంత్రమే పెరుగన్నం కలిపి ఉంచండి. ఇంటికి చేరినవాళ్లు గ్రూపులో ఒక ముక్క రాసి పడుకోవాలి. డాక్టరమ్మ ఎలాగూ మర్చిపోతుంది, ఆవిడకి ఫోన్ చేసి కనుక్కోవడం నా వంతు.