ఏసీ కప్లింగ్ కెపాసిటర్లు: విలువ తేలికే, జాగ్రత్తంతా ప్యాడ్ల దగ్గరే

ట్రాన్స్‌మిటర్ డీసీ స్థాయి ఒకటి, రిసీవర్‌కు కావలసింది మరొకటి. ఆ తేడాను ఆపి డేటాను మాత్రం పోనివ్వడానికే డిఫరెన్షియల్ జతలో (ఒకే సిగ్నల్‌ను ఒకదానికొకటి వ్యతిరేకంగా మోసే రెండు గీతలు) ఒక్కో ట్రేస్‌కు, అంటే బోర్డు మీది రాగి గీతకు, ఒక కెపాసిటర్ పెడతాం. దీన్నే ఏసీ కప్లింగ్ అంటారు.

విలువ స్టాండర్డ్‌లోనే ఉంటుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరానికి 176 నుంచి 265 నానోఫారడ్‌లు, అంటే 220 వేస్తే సరి. యూఎస్‌బీ 3.0కి 75 నుంచి 200, మామూలుగా 100. డిస్క్‌లను కలిపే సాటాకు 12 దాటకూడదు, 10 వాడతారు. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో అవతల రిసీవర్ ఉందో లేదో ట్రాన్స్‌మిటర్ తెలుసుకునేది ఈ కెపాసిటర్ ఛార్జ్ అయ్యే సమయాన్ని బట్టే. విలువ మరీ తగ్గితే ఉన్న రిసీవర్ కూడా లేనట్టే కనిపిస్తుంది. అందుకే ఏ బోర్డైనా తన ట్రాన్స్‌మిటర్ జతలకే కెపాసిటర్లు పెట్టుకోవాలి. కార్డు మీదా, మదర్‌బోర్డు మీదా ఒకే జతకు 100 చొప్పున పెడితే సిరీస్‌లో మిగిలేది 50.

స్టాండర్డ్ లేని లింకైతే లెక్క వేసుకోండి. రెండు వైపులా 50 ఓమ్‌లు కలిపి 100, దాన్ని 100 నానోఫారడ్‌లతో గుణిస్తే టైమ్ కాన్‌స్టంట్ (కెపాసిటర్ ఛార్జ్ ఎంత త్వరగా మారుతుందో చెప్పే సమయం) 10 మైక్రోసెకన్లు. ప్రతి 8 బిట్లనూ 10 బిట్లుగా మార్చి పంపే 8బి/10బి కోడింగ్‌లో ఒకే బిట్ వరసగా ఐదుసార్లకు మించి రాదు, కాబట్టి బేస్‌లైన్, అంటే సిగ్నల్ సగటు మట్టం, జరగదు. స్టూడియోల్లో వాడే 3జీ-ఎస్‌డీఐ వీడియో లింక్ సంగతి వేరు. 19 బిట్లు ఒక రకం, ఒక్కటి మాత్రం వేరు అన్న నమూనా చిత్రంలోని ఒక అడ్డగీత పొడవునా సాగవచ్చు. సెకనుకు 60 ఫ్రేముల 1080పీ చిత్రంలో ఒక గీత దాదాపు 15 మైక్రోసెకన్లు. 75 ఓమ్‌ల లైన్లో రెండు వైపులా కలిపి 150 ఓమ్‌లు, 100 నానోఫారడ్‌లతో టైమ్ కాన్‌స్టంట్ కూడా దాదాపు అంతే! గీత ముగిసేలోపే బేస్‌లైన్ పక్కకు జారిపోతుంది. అక్కడ 4.7 మైక్రోఫారడ్‌లు వాడేది అందుకే. డీసీ బ్యాలెన్స్ (ఒకట్లూ సున్నాలూ సగటున సమానంగా ఉండటం) అసలే లేని యూఆర్టీ సీరియల్ పోర్టు లాంటి సిగ్నల్‌కు మాత్రం ఏ విలువా పనికిరాదు.

లింకులు ఎక్కువగా దెబ్బతినేది లేఅవుట్‌లో. ట్రేస్ వెడల్పు 0.12 మిల్లీమీటర్లు, 0402 సైజు కెపాసిటర్‌ను అతికించే ప్యాడ్ వెడల్పు దాదాపు 0.5. ఆ వెడల్పు కింద గ్రౌండ్ ప్లేన్ (గ్రౌండ్‌కు కలిపిన రాగి పొర) ఉంటే అక్కడ అదనపు కెపాసిటెన్స్ చేరి ఇంపిడెన్స్ కుంగుతుంది, సిగ్నల్ కొంత వెనక్కి తిరుగుతుంది. ప్యాడ్ల కింద మొదటి ప్లేన్‌ను కత్తిరించండి. ఎంత అన్నది మీ స్టాకప్‌కు (బోర్డు పొరల అమరికకు) ఫీల్డ్ సాల్వర్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో చూసి తేల్చుకోవాలి. కత్తిరించిన ఆ కిటికీ కింది పొరలో గ్రౌండే ఉండాలి, వేరే సిగ్నల్ ట్రేస్ పోనివ్వకండి. ఇంకా చిన్న సైజైన 0201 వేస్తే ప్యాడ్ చిన్నది కాబట్టి సగం బాధ తగ్గుతుంది. జతలో రెండు కెపాసిటర్లూ పక్కపక్కన, ఒకే వరసలో ఉండాలి. ఒకటి ముందుకు జరిగితే డిఫరెన్షియల్ సిగ్నల్‌లో కొంత కామన్ మోడ్‌గా, అంటే రెండు గీతల్లోనూ ఒకేలా నడిచే సిగ్నల్‌గా, మారిపోతుంది.

కెపాసిటర్ సిరామిక్ రకం ఎక్స్7ఆర్ లేదా ఎక్స్5ఆర్ తీసుకోండి, వై5వీ వద్దు. వేడికీ, వోల్టేజీకీ వై5వీ విలువ బాగా పడిపోతుంది.

లింక్ తక్కువ వేగంలోనే ఆగిపోతున్నా, ఒక లేన్ (లింక్‌లోని ఒక డేటా దారి) రాకపోయినా ముందు కెపాసిటర్లను మైక్రోస్కోప్ కింద చూడండి. ఒక కొస లేచి నిలబడిన కెపాసిటర్ ఉన్నా, జతలోని రెండో ట్రేస్ మీదే లింక్ ఒక్కోసారి కుంటుతూ నడుస్తుంది. అన్నీ బాగానే అతుక్కుని ఉంటే టీడీఆర్ (పల్స్ పంపి, తిరిగొచ్చేదాన్ని బట్టి లైన్ పొడవునా ఇంపిడెన్స్ చూపే పరికరం) పెట్టండి. కెపాసిటర్ ఉన్న చోట తెరమీది గీత కిందికి కుంగితే ప్లేన్ కత్తిరింపు చాలలేదని, పైకి లేస్తే ఎక్కువైందని అర్థం.