నారు ఆగిపోయిందా? విత్తనాన్ని తిట్టేముందు కొబ్బరి పొట్టును చూడండి

ప్రతి ఏడూ ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి ఇదే గోల. మిరప వేస్తే సగమే మొలిచిందంటారు. టమాటా మొలిచింది గానీ రెండాకుల దగ్గరే నిలబడిపోయిందంటారు. ఆ వెంటనే తీర్పు కూడా వాళ్ళే చెప్పేస్తారు: "విత్తనం డూప్లికేటబ్బా." ఒంగోలు నుంచి కావలి దాకా మిద్దె తోటలవాళ్ళ నారు ట్రేలు చాలానే చూశాను. విత్తనం తప్పున్న ట్రే అరుదు.

కాబట్టి కొట్టుకెళ్ళి గొడవ పడేముందు తడిగుడ్డ పరీక్ష చెయ్యండి. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది గానీ చేసేవాళ్ళు లేరు. పది గింజలు తడిగుడ్డలో చుట్టి, మూతున్న డబ్బాలో పెట్టి, వంటింట్లో ఒక మూల ఉంచడమే పని. గుడ్డ తడపడానికి తాగే నీళ్ళే వాడాలి, బోరు నీళ్ళు కాదు. ఎందుకో కింద తెలుస్తుంది. టమాటాకు నాలుగైదు రోజులు, వంగకు వారం, మిరపకు పది రోజుల దాకా టైమివ్వండి. ఏడు, ఎనిమిది మొలిస్తే విత్తనానికి ఏ రోగమూ లేదు. సగం కూడా రాకపోతే అప్పుడు మార్చండి. గులాబీ రంగు పూసిన గింజలు మందు పట్టించినవి, వాటికి వాడిన గుడ్డ మళ్ళీ వంటింట్లోకి రాకూడదు.

గుడ్డలో మొలిచింది, ట్రేలో మొలవలేదు

గింజను లోతుగా పాతారేమో చూడండి. గింజ మందానికి రెండు మూడింతల లోతు చాలు. లేదా పైపొర మధ్యాహ్నానికి ఎండిపోతోంది. రెండూ కాకపోతే చీమలు. వంగ, టమాటా గింజల్ని అవి రాత్రికి రాత్రి మోసుకుపోతాయి. ట్రే పెట్టిన బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టండి.

మొలిచింది, రెండాకుల దగ్గర ఆగింది, అంచులు మాడాయి

నన్ను నిలువునా ముంచింది ఇదే. 98 గళ్ళ ప్రోట్రేలు రెండు, నిండా మిరప వేశాను. మొలకలు ఎగుడుదిగుడుగా వచ్చాయి, వచ్చినవి మూడు వారాలైనా అంగుళం దాటలేదు. ఆకు కొసలు గోధుమ రంగుకు తిరిగాయి. ఆకలేమోనని మూడు పందొమ్మిదుల (19-19-19) ఎరువు నీళ్ళలో కలిపి పోశాను, ఇంకా మాడాయి. కొట్టాయనతో గొడవ పెట్టుకున్నాను. ఆయన శాంతంగా "ఇదే ప్యాకెట్టు నలుగురు పట్టుకుపోయారు సార్, వాళ్ళెవరూ రాలేదే" అన్నాడు. ఇంటికొచ్చి తడిగుడ్డ వేస్తే పదికి తొమ్మిది మొలిచాయి. అప్పుడు ట్రే అంచుల మీద తెల్లగా పేరుకున్న పొర కంటపడింది.

ఉప్పు. కోకోపీట్‌లోది, అంటే ట్రేలో మట్టికి బదులు నింపే కొబ్బరి పొట్టులోది.

కొబ్బరి చెట్టు సముద్రం ఒడ్డు చెట్టు, కాయ మీది పీచు డొక్కలోనే సోడియం, పొటాషియం, క్లోరైడ్ దండిగా ఉంటాయి. కొన్నిచోట్ల పీచు తీయడానికి ఆ డొక్కల్ని సముద్రపు పోటు ఎక్కే ఉప్పుకయ్య నీళ్ళల్లో నెలల తరబడి నానబెడతారు. రాలిన పొట్టు ఆ ఉప్పునంతా పట్టుకునే ఉంటుంది. దాన్ని కడక్కుండా దిమ్మె కొడితే చవకగా వస్తుంది, కడిగి కొడితే కొంచెం ధర. చూడ్డానికి రెండూ ఒకటే. రంగు చూసి, వాసన చూసి చెప్తామనేవాళ్ళ మాట నమ్మకండి.

మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట ఊరుతుంది కదా, గింజకు జరిగేదీ అదే. చుట్టూ తడి ఉన్నా గింజ తాగలేదు. మనమేమో దాహం కాబోలని ఇంకో చెంబు పోస్తాం. చిక్కుడు, బీన్స్ అందరికంటే ముందు పడతాయి. తర్వాత మిరప. టమాటా కొంచెం ఓర్చుకుంటుంది కాబట్టే "టమాటా వచ్చింది, మిరపే రాలేదు, విత్తనం మంచిది కాదు" అనే తప్పు లెక్క పుడుతుంది.

తేల్చుకోవడం తేలిక. మూడు నాలుగు వందలు పెడితే, నీళ్ళలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరు దొరుకుతుంది. ప్యూరిఫైయర్ నీళ్ళు చూసే పెన్ను లాంటిదే. ఒక కప్పు తడి పొట్టులో కప్పున్నర ప్యూరిఫైయర్ నీళ్ళు పోసి, గంటాగి వడగట్టి, మీటరు ముంచండి. పోసిన నీళ్ళ సొంత అంకె అందులోంచి తీసేశాక 500 పీపీఎం దాటితే కడగాల్సిందే. నా దిమ్మె 1800 చూపించింది. నాలుక మీద వేసి చూస్తామంటారా, నాలుకకు తెలియనంత ఉప్పుకే నారు దెబ్బతింటుంది.

5 కిలోల దిమ్మె నీళ్ళు తాగితే డెబ్బై లీటర్ల దాకా పొంగుతుంది, కాబట్టి పెద్ద టబ్బు కావాలి. నానబెట్టి, బియ్యం సంచిలో పోసి, పిండి పారబోయండి. మళ్ళీ నానబెట్టండి. నాకు నాలుగు కడుగులు పట్టింది. ఇక్కడితో ఆపేవాళ్ళే ఎక్కువ. పైపై ఉప్పే నీళ్ళతో పోతుంది, పొట్టును అంటుకున్న సోడియం, పొటాషియం పోవు. వాటిని తోసెయ్యడానికి కాల్షియం కావాలి. దిమ్మెకు 100 గ్రాముల కాల్షియం నైట్రేట్ సరిపడా నీళ్ళలో కరిగించి, పొట్టంతా తడిసేలా పోసి, ఒక రాత్రి ఉంచి పిండండి. అప్పుడు వచ్చే నీళ్ళలో మీటరు మళ్ళీ ఎగబాకుతుంది. కంగారు పడకండి, ఊడి వచ్చిన ఉప్పే అది. ఇంకో కడుగు కడిగితే అయిపోయింది. ఇంత చాకిరీ వద్దనుకుంటే కొనేటప్పుడే "కడిగిన లో ఈసీ దిమ్మె" (ఉప్పు తక్కువున్నదని అర్థం) అని అడగండి, అయినా ఒకసారి మీటరు ముంచండి.

ఇప్పుడు నీళ్ళ సంగతి. కడిగిన పొట్టులో ఉప్పుబోరు నీళ్ళు పోస్తే మళ్ళీ మొదటికే. సముద్రానికి దగ్గరున్న మన ఊళ్ళలో బోరు రుచి నేను చెప్పాలా? ఒంగోలులో సాగర్ కాలువ నీళ్ళొచ్చే మునిసిపల్ పంపు ఉంటే అది పట్టి ఉంచుకోండి. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు ఇంకా మేలు, వాటిలో ఉప్పే ఉండదు. చాలామంది పొదుపనుకుని ప్యూరిఫైయర్ బయటికి వదిలే నీళ్ళు నారుకు పోస్తారు. లోపలికి వెళ్ళిన ఉప్పంతా వడకట్టి బయటికి తోసేది ఆ పైపే. నేనూ ఒక ఏడాది అదే పోశాను. బోరు 900, ఆ పైపు 1300.

వర్మీకంపోస్ట్‌లోనూ ఉప్పుంటుంది. మూడు పాళ్ళ పొట్టుకు ఒక పాలు దాటనివ్వకండి.

సన్నగా సాగి పక్కకు వాలింది

వెలుగు చాలలేదు. మొలక కనబడిన రోజే తూర్పు వసారాలోకి మార్చండి. గ్రో లైట్లు, ట్రే కింద పెట్టే హీట్ మ్యాట్లు చలిదేశాల వీడియోల్లో చూసి కొనేస్తున్నారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊరికి హీట్ మ్యాటెందుకు చెప్పండి! మనం లోపల నారు పోసేది ఎండకూ వానకూ జడిసి, చలికి కాదు.

మొదలు నొక్కుకుపోయి పడిపోయింది

నారు కుళ్ళు. తడి ఎక్కువైంది, లేదా నిరుటి ట్రే కడక్కుండా వాడారు. నీళ్ళు తగ్గించి గాలి తగలనివ్వండి. ట్రేను బ్లీచింగ్ నీళ్ళలో ముంచి, కడిగి ఆరబెట్టండి. పొట్టులో ట్రైకోడెర్మా (కుళ్ళు తెచ్చే బూజును అణిచే మేలు బూజు) కలిపితే మంచిదే. పడిపోయిన మొక్క లేవదు, పీకెయ్యండి.

ఇక పురుగులు, వైరస్సులు, గ్రహణం, అమావాస్య నాడు వెయ్యడం... వీటి గురించి అడిగేవాళ్ళు ముందు మీటరు అంకె చెప్పి అడగండి.