ఏళ్ల విరామం తర్వాత మళ్లీ విశ్వవిద్యాలయంలో చేరేవారికి

నగరంలోని పెద్ద విశ్వవిద్యాలయంలో మళ్లీ చేరదలచినవారు మొదట తేల్చుకోవలసింది పాత చదువు సంగతి. గతంలో పూర్తిచేసిన కోర్సుల మార్కుల పత్రాలతో పాటు అప్పటి సిలబస్ ప్రతులను కూడా సంపాదించి, వాటిలో ఎన్ని క్రెడిట్లను (కోర్సు పూర్తిచేస్తే లభించే పాయింట్లను) ఇప్పుడు లెక్కలోకి తీసుకుంటారో దరఖాస్తుకు ముందే రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా ఇచ్చిన హామీ, అది ఇచ్చిన ఉద్యోగి బదిలీ అయితే చెల్లకుండా పోవచ్చు.

టైమ్‌టేబుల్ ఎంచుకునేటప్పుడు ప్రాంగణం పటాన్ని దగ్గర పెట్టుకోండి. ఒక తరగతి ముగిశాక మరో చివరనున్న భవనానికి నడిచి, లిఫ్టు కోసం వరుసలో నిలబడి, గదిని వెతుక్కునే వ్యవధి ఉంటుందో లేదో ముందే ఒకసారి నడిచి చూడటం మంచిది. ఉద్యోగం, ఇంటి బాధ్యతలు ఉన్నవారు మొదటి సెమిస్టరులో ఒకటి రెండు కోర్సులకే పరిమితం కావాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే తరగతిలో కూర్చునే ప్రతి గంటకూ బయట సుమారు 2 గంటల చదువు అవసరమవుతుంది. అయితే ఆర్థిక సహాయానికి కనీస క్రెడిట్ల నిబంధన ఉందేమో చూసుకోండి.

జ్ఞాపకశక్తి తగ్గిందన్న బెంగ చాలామందిని వెనక్కి లాగుతుంది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ తన మీద తానే చేసుకున్న ప్రయోగాలను 1885లో, 35 ఏళ్ల వయసులో ప్రచురించి, నేర్చుకున్నది తొలి గంటల్లోనే వేగంగా మరుగున పడుతుందని చూపారు. మరపును వయసు ఒక్కదానికే అంటగట్టనవసరం లేదు. పాఠం విన్న సాయంత్రమే పుస్తకం మూసి, గుర్తున్నదంతా కాగితం మీద రాసి, తప్పిపోయినవి సరిచూసుకోండి.

వందలమంది కూర్చునే హాలులో సందేహం అడగలేకపోతే, అధ్యాపకులు విద్యార్థుల కోసం కేటాయించిన సమయంలో వెళ్లి కలవండి. పరీక్షలు దగ్గరపడేదాకా ఆ గదుల ముందు సాధారణంగా పెద్ద రద్దీ ఉండదు.